నంబర్లేసిన రాళ్ల కోట

జపాన్‌లో కోట చూడాలంటే మనవాళ్లు ఎక్కువగా హిమెజికి పోతారు, లేదంటే ఒసాకాకు. హిమెజిది అసలైన కట్టె కట్టడం. తెల్లగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా ఉంటుంది. ఒసాకాది 1931లో కట్టిన కాంక్రీటు భవనం, లోపల లిఫ్టు కూడా ఉంది. రెండూ బాగుంటాయి, ఫోటోలూ బాగా వస్తాయి. కానీ ఇంటి నుంచి ఎవరైనా వస్తే నేను తీసుకెళ్లేది కుమమోతోకు. నేనుండే ఫుకుఓకాకు దగ్గర కావడం ఒక కారణం. హకాతా స్టేషన్‌లో షింకన్‌సెన్ ఎక్కితే నలభై నిమిషాల్లో అక్కడుంటాం. అంతకంటే పెద్ద కారణం, ఆ కోట పని ఇంకా నడుస్తూనే ఉంది. 2016 ఏప్రిల్ భూకంపంలో దెబ్బతిన్న గోడల్ని రాయి రాయి ఏరి మళ్లీ పేరుస్తున్నారు. చూడ్డానికి వెళ్లినవాళ్లను ఆ పని మధ్యలోంచే నడిపిస్తారు.

కిందటి నవంబరు చివర బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. హనుమకొండ మనిషి, శ్రీరాంసాగర్ కాలువల మీద ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాడు. టోక్యోలో ఎత్తైన టవర్లు చూపిస్తే "మంచిగున్నది" అని ఊరుకున్నాడు. గుళ్లు చూపిస్తే దండం పెట్టాడు. రాయి కనబడితే తప్ప ఆయనలో కదలిక రాదని అమ్మ ఫోన్లో ముందే చెప్పింది. అందుకని కుమమోతో.

స్టేషన్ నుంచి కోట దాకా ట్రామ్ ఉంది. డబ్బులు దిగేటప్పుడు ఇవ్వాలి, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్తే చిల్లర ముందే తీసి పెట్టుకోవడం మంచిది. కోటా నగర కార్యాలయమూ ఎదురెదురుగా ఉండే స్టాపులో దిగాక త్సుబొయి అనే సన్నటి నది వస్తుంది. నది అవతలి ఒడ్డున పొడుగాటి ప్రహరీ. పైన తెల్లటి సున్నం పూత, కింద నల్లటి చెక్క పలకలు. దాన్ని నగబెయి అంటారు, పొడవు 242 మీటర్లు. భూకంపంలో ఇందులో 80 మీటర్ల దాకా పడిపోతే 2021 జనవరికి మళ్లీ నిలబెట్టారు. పడిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నేను ఎన్నిసార్లు చూసినా పోల్చుకోలేను. బాపు మాత్రం వంతెన మీద కాసేపు నిలబడి చూసి, "గా నడుమ సున్నం వేరే దినుసుగున్నది" అన్నాడు. నిజమో కాదో అడగడానికి అక్కడెవరూ లేరు.

వంతెన పక్కనే పొడుగాటి టోపీ పెట్టుకున్న కతో కియోమసా విగ్రహం ఉంటుంది. ఈ కోట కట్టించింది ఆయనే, 1607లో పూర్తయింది. అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి దగ్గర సేనాని. కొరియా మీద యుద్ధానికి పోయి, ఉల్సాన్ కోటలో ముట్టడికి చిక్కి, నీళ్లూ తిండీ లేక అల్లాడాడు. తిరిగొచ్చి సొంత కోట కట్టుకున్నప్పుడు ఆ ఆకలి మరిచిపోలేదని ఇక్కడివాళ్లు చెబుతారు. కోటలో 120 బావులు తవ్వించాడు. నేల మీద పరిచే తతామి చాపల్లోపల గడ్డికి బదులు ఎండబెట్టిన చేమ కాడలు కూరించాడట, ముట్టడి వస్తే చాపలు విప్పి వండుకోవచ్చని. చాపల సంగతి కథ కావచ్చు. బావులు మాత్రం కొన్ని ఇప్పటికీ కనబడతాయి.

కోట అడుగున జొసైఎన్ అనే బజారు ఉంది. తిండి కొట్లు, సామాను కొట్లు, ఒక చిన్న మ్యూజియం. అక్కణ్నుంచి కాస్త పైకి ఎక్కితే దక్షిణపు ద్వారం. పెద్దవాళ్లకు టికెట్ 800 యెన్లు. లోపలికి అడుగుపెడితే నేల మీద నడవనివ్వరు. గాల్లో కట్టిన వంతెన లాంటి దారి మొదలవుతుంది. పొడవు 350 మీటర్లు, ఎత్తు 6 మీటర్ల దాకా. 2020 జూన్‌లో తెరిచారు. కింద కూలిన గోడల పని నడుస్తుంటే జనం పైనుంచి చూస్తూ పోవాలన్నది ఏర్పాటు.

బాపు ముందు గోడల్ని చూడలేదు. కటకటాల మీదికి వంగి దారి కింద స్తంభాలను చూశాడు. "పునాది తియ్యలే," అన్నాడు. ఆయన అన్నది నిజమే. ఈ నేలకు జాతీయ చారిత్రక స్థలంగా అన్నిటికంటే పెద్ద రక్షణ ఉంది, గుంత తవ్వడానికి వీల్లేదు. నేలలోకి పునాది స్తంభాలు దించకుండా నేల మీదే కాంక్రీటు దిమ్మెలు పెట్టి, వాటి మీద ఉక్కు స్తంభాలు నిలిపారు. స్తంభాలు కూడా ఎక్కడ పడితే అక్కడ లేవు. పాత కట్టడాల ఆనవాళ్లున్న చోట్లను తప్పించి, కొన్ని చోట్ల దూరం దూరంగా కాళ్లు పెట్టి మధ్యలో కమానులా వంచారు. పని అయ్యాక మొత్తం విప్పి తీసేస్తారు, నేల మీద గాటు కూడా మిగలకూడదు. ఒక తాత్కాలిక దారికి ఇంత ఆలోచనా అని నాకు మొదటిసారి వచ్చినప్పుడు విచిత్రమనిపించింది. ఆ తాత్కాలికం ఎన్నేళ్లో తెలిశాక విచిత్రం పోయింది. మొదట 2037కు పని పూర్తవుతుందన్నారు. తరవాత లెక్కలు వేసుకుని 2052 అన్నారు.

ఎందుకంత కాలమో గోడలు చూస్తే అర్థమవుతుంది. కోట మొత్తంలో 79,000 చదరపు మీటర్ల రాతిగోడలున్నాయి. అందులో దాదాపు 30 శాతం మళ్లీ పేర్చాల్సి వచ్చింది. పూర్తిగా కూలినవి 8,200 చదరపు మీటర్లు. మిగతావి కూలలేదు గానీ పొట్ట ఉబ్బాయి. వాటినీ విప్పి మళ్లీ కట్టాల్సిందే. 13 పాత కట్టడాలు దేశ ముఖ్య సాంస్కృతిక సంపద జాబితాలో ఉంటే పదమూడూ దెబ్బతిన్నాయి. 14వ తారీఖు రాత్రి ఒక భూకంపం, 16వ తారీఖు తెల్లవారుజామున ఇంకా పెద్దది. మొదటిదానికి వదులైనవి రెండోదానికి రాలిపోయాయి.

ఒక చోట దారి వంపు తిరుగుతుంది. అక్కడి నుంచి చూస్తే గోడ కోసినట్టు తెగి, లోపలి భాగం బయటపడి ఉంది. ముందు వరసలో పెద్ద పెద్ద రాళ్లు, ఒక్కోటి చిన్న బీరువాంత. వాటి వెనక పిడికిలంత, తలకాయంత రాళ్లు మీటర్ల మందాన కుప్పగా. ఆ వెనక మట్టి. నేను చూసింది రాళ్లనే. బాపు చూసింది వెనక కుప్పను.

"గిదే అసలు గోడ బిడ్డా."

"ఏది?"

"గా గుండ్లు. ముందటిది మొకం. ఎనుక గులక లేకుంటే వాన నీళ్లు యాడికి పోతయ్? మట్టి నాని గోడను ముందుకు నూకుతది. మేం కాలువ రివిట్‌మెంట్‌కు గిట్లనే పోపిస్తుంటిమి. కాంట్రాక్టరు గులక తక్కువ పోసిండంటే మల్ల వానకాలంల బిల్లు ఆపుడే."

జపాన్ వాళ్లు ఈ లోపలి రాళ్లను గురి ఇషి అంటారు. వానకు నీళ్లు దిగిపోయే దారి అదే, మామూలు కుదుపులకు మెత్తగా అణిగి గోడను కాపాడేదీ అదే. అయితే పెద్ద భూకంపంలో ఇదే ఎదురు తిరుగుతుంది. ఊగిన ప్రతిసారీ ఆ గుండ్లు కొద్ది కొద్దిగా కిందికి జారి సర్దుకుంటాయి. కింద చోటు చాలక ముందు రాళ్లను బయటికి తోస్తాయి. గోడకు పొట్ట రావడం అంటే అదే. ఇది చెబితే బాపు కొంచెంసేపు ఆలోచించి, "మాకు భూకంపాల పరీక్ష రాలే," అన్నాడు.

నిజానికి ఈ కోటకు ఆ పరీక్ష ఇంతకుముందూ వచ్చింది. 1889లో ఇక్కడ పెద్ద భూకంపమే వచ్చింది. అప్పుడు కోట సైన్యం చేతిలో ఉండేది, కూలిన గోడల్ని వాళ్లే బాగుచేయించారు. ఆ పాత కాగితాలను 2016 నష్టంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఈసారి కూలిన చోట్లలో చాలావరకు అప్పుడు దెబ్బతిన్నవే అని తేలింది. కియోమసా మనుషులు కట్టింది నాలుగు వందల ఏళ్లు నిలబడితే, తరవాతి మరమ్మతు మొదట జారింది. పని తొందరలో జరిగిందా, లేక ఆ చోటే బలహీనమైనదా అన్న వాదన పండితులు తేల్చుకోవాలి. బాపు తీర్పు మాత్రం వెంటనే వచ్చింది: "మిలిటరోల్లు పని దొబ్బిచ్చి చేసుంటరు."

దారిలో ఇంకొంచెం ముందుకు పోతే ఈదమారు అనే చోటు. 2016లో ప్రపంచమంతా చూసిన ఫోటో ఇక్కడిదే. ఐదంతస్తుల బురుజు కింద గోడ రెండు పక్కలా కూలిపోయింది. మూల మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ల వరస ఒక్కటి మిగిలింది. బురుజు మూల బరువంతా ఆ ఒంటి కాలి మీద నిలబడింది. చుట్టూ కొండంత ఉక్కు చట్రం కట్టి, దాన్ని చేతుల్లా చాచి బురుజును పట్టి ఆపారు. తరవాత 2018లో బురుజును జాగ్రత్తగా విప్పేశారు. మేం వెళ్లేసరికి పైన ఖాళీ ఆకాశమే. మూలరాళ్లు ఎందుకు నిలిచాయో గమనిస్తే తెలుస్తుంది. పొడుగాటి రాళ్లను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి పేరుస్తారు. ఒక వరసలో పొడుగు కుడి గోడలోకి పోతే పై వరసలో ఎడమ గోడలోకి. రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకున్నట్టు ఉంటుంది ఆ మూల.

ఇక నంబర్ల సంగతి. రాలిన రాళ్లను, విప్పిన రాళ్లను కోట చుట్టుపక్కల మైదానాల్లో వరసలుగా పరిచి పెట్టారు. ప్రతి రాయికీ ఒక గుర్తు. ఏ గోడది, ఎక్కడ దొరికింది అన్నది అందులో ఉంటుంది. కూలిన చోట మళ్లీ పేర్చాలంటే ఏ రాయి ముందు ఏ స్థానంలో ఉండేదో తెలియాలి. భూకంపానికి ముందు తీసిన ఫోటోలే ఆధారం. అదృష్టం కొద్దీ ఒక పెద్ద ప్రింటింగ్ సంస్థ వర్చువల్ రియాలిటీ సినిమా కోసం అంతకుముందే కోటను అంగుళం వదలకుండా ఫోటోలు తీసి ఉంచింది. వాటిలోని రాళ్ల ఆకారాలనూ, నేల మీద పరిచిన రాళ్ల ఆకారాలనూ కంప్యూటర్ చేత పోల్చించి చాలావాటి స్థానాలు కనిపెట్టారు. మిగిలినవి మనిషి కంటితోనే. పగిలిపోయి బరువు మోయలేని రాయికి మాత్రమే కొత్త రాయి పెడతారు. ఇట్లా వెతికే పనిలోనే ఒక రాయి మీద గీతలుగా చెక్కిన కన్నన్ బొమ్మ బయటపడింది. కన్నన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఎక్కడిదో పూజ రాయిని తెచ్చి గోడలో వాడేసి ఉంటారు. కోటలు కట్టే తొందరలో అదంతా మామూలే.

ఆ వరసలు చూడగానే బాపూ నేనూ ఒకే మాట అన్నాం: వేయి స్తంభాల గుడి. అక్కడి కల్యాణమండపాన్ని విప్పినప్పుడు స్తంభాల మీద, దూలాల మీద రంగుతో రాసిన నంబర్లు మా ఊళ్లో అందరికీ తెలుసు. నేను బడికి పోయే రోజుల నుంచి ఉద్యోగానికి పోయేదాకా ఆ రాళ్లు అట్లా పడి ఉండటం చూస్తూనే ఉన్నాను. 2024 మార్చిలో, శివరాత్రి నాడు తెరిచారు. అక్కడ కూడా రాళ్లకు నంబర్లేశారు, ఇక్కడా వేశారు. నాకు తేడా కనబడింది ఒక్క చోటే. ఇక్కడ ఆ పనిని దాచలేదు. రేకులు అడ్డం పెట్టి 'ప్రవేశం లేదు' అని రాయకుండా, టికెట్ పెట్టి మరీ చూపిస్తున్నారు. ఏ గోడ ఏ సంవత్సరానికి అవుతుందో బోర్డు మీద ఉంటుంది, వెనక్కి జరిగితే జరిగిందని కూడా రాస్తారు. మా ఊళ్లో ఎవరినడిగినా "అయితది" అనేవాళ్లు. ఈ మాట బాపుతో అంటే ఆయనకు నచ్చలేదు. "మనోల్లు గూడ కట్టిన్రు గద," అన్నాడు. కట్టారు, నిజమే. బాగానే కట్టారు.

వంతెన దారి చివరికి వచ్చేసరికి రెండు రకాల గోడలు పక్కపక్కనే నిలబడే మూల వస్తుంది. పాతది కియోమసా కాలానిది, వాలు మెల్లగా లేచి పైకి పోయేకొద్దీ నిటారవుతుంది. దాని మీదికి ఆనించి తరవాతి కాలంలో పెంచిన గోడ మొదట్నుంచే నిట్టనిలువుగా ఉంటుంది, రాళ్లు కూడా బాగా చెక్కినవి. పాత గోడను చూస్తే పరుగెత్తి ఎక్కేయొచ్చు అనిపిస్తుంది. నాలుగడుగులు వేసేసరికి నెత్తి మీదికి గోడ వచ్చేస్తుంది. శత్రువు వెనక్కి తిరిగిపోవాల్సిందే కాబట్టి దీనికి ముషా గయెషి అని పేరు. బాపు అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. వెనక వచ్చే స్కూలు పిల్లలు మా ఇద్దరి చుట్టూ తిరిగి పోయారు. ఆ వాలును గీయడానికి కట్టెతో చట్రం కట్టి, దారాలు లాగి, ప్రతి వరసకూ ఎంత లోపలికి జరగాలో చూసుకుంటారని నేను చదివింది చెప్పాను. "లైన్ దోరీ ఎక్కడైన లైన్ దోరీనే," అన్నాడు.

తరవాత హొన్మారు రాజభవనం కింది నుంచి చీకటి దారి. 2008లో కొత్తగా కట్టిన ఈ భవనంలో బంగారు రేకుల మీద బొమ్మలేసిన గది చాలా ప్రసిద్ధి. పునాది దెబ్బతినడంతో లోపలికి రానివ్వడం లేదు. కింది నుంచి మాత్రం పోనిస్తారు. పెద్ద పెద్ద దూలాలు, చల్లటి గాలి, అంతే. అవతలికి తేలితే ఎదురుగా తెన్షు, కోటలోని ప్రధాన భవనం.

నల్లగా, ఎత్తుగా, నవంబరు ఎండలో మెరుస్తూ ఉంటుంది. ఎదుట పెద్ద గింకో చెట్టు, ఆ వారం ఆకు ఆకూ పసుపే. ఈ కోటకు గింకో కోట అని కూడా పేరుంది. ముట్టడిలో కాయలు తినొచ్చని కియోమసా నాటించాడంటారు. 1877లో కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ చిగురించిన చెట్టిది. అందరూ ఇక్కడే ఆగి ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం.

తెన్షు గురించి మాత్రం నాకొక ఫిర్యాదు ఉంది. అది 1960లో కట్టిన కాంక్రీటు భవనం. అసలుది 1877లో సైగో తకమోరి తిరుగుబాటు సైన్యం వచ్చి ముట్టడించడానికి మూడు రోజుల ముందు కాలిపోయింది. ఎవరు తగలబెట్టారో ఇప్పటికీ వాదులాడుకుంటారు. భవనం పోయినా గోడలు నిలిచాయి. యాభై రోజులకు పైగా ముట్టడించినా సైగో మనుషులు లోపలికి రాలేకపోయారు. తాను ఓడింది ప్రభుత్వ సైన్యం చేతిలో కాదనీ, కియోమసా చేతిలో అనీ సైగో అన్నాడని చెప్పుకుంటారు. అంటే ఈ కోటలో కోట అనదగ్గది ఏదైనా ఉంటే అది గోడే. భూకంపం తరవాత అన్నిటికంటే ముందు బాగుచేసింది మాత్రం కాంక్రీటు తెన్షును. 2021 వేసవికల్లా లోపలికి జనాన్ని వదిలారు. 1877 మంటల నుంచి తప్పించుకుని మిగిలిన అసలైన కట్టె బురుజు ఉతో యగురా. దాని వంతు ఆ తరవాతే వచ్చింది. ఇప్పుడది ఒక పెద్ద షెడ్డు లోపల, ముక్క ముక్కగా విప్పబడి ఉంది.

ఇదంతా బాపుకు కొంచెం ఆవేశంగానే చెప్పాను. ఆయన నా వైపు రాలేదు.

"ఊరంత భూకంపంతోని భయపడి ఉన్నరు గద. ఇండ్లు కూలినయ్. గప్పుడు నువ్వు గోడలు మెల్లగ కడ్తమంటే ఎట్ల? తలెత్తి చూస్తె ఏదో ఒకటి కనబడాలె."

నగరపాలక సంస్థ వాళ్లు చెప్పే కారణమూ ఇదే. ఊళ్లో ఎక్కడి నుంచి చూసినా కనబడేది తెన్షు. 2016లో దాని పైకప్పు పెంకులు రాలి, కొనల మీది చేప బొమ్మలు పడిపోయి బోసిగా నిలబడితే జనం చూడలేకపోయారట. పైగా కాంక్రీటు త్వరగా అవుతుంది, చెట్టును కోసి ఆరబెట్టే పని లేదు. వాదన అర్థమవుతుంది. నా ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లోపల మ్యూజియం. అంతస్తుకో కాలం. కతో వాళ్లు, వాళ్లను 1632లో తీసేశాక వచ్చిన హొసొకవా వంశం, 1877 యుద్ధం, ఆ పైన 1960, 2016. ముసలివాళ్లకు, చక్రాల కుర్చీ ఉన్నవాళ్లకు లిఫ్టు ఉంది. అన్నిటికంటే నాకు నచ్చేది కట్టె చట్రం నమూనా, అసలు భవనం దూలాలు ఎట్లా కూర్చారో చూపిస్తుంది. అక్కడక్కడ కొత్తగా బిగించిన ఉక్కు డాంపర్లు దాచకుండా వదిలేశారు, ఊపు వస్తే ఆ శక్తిని అవే మింగుతాయి. చుట్టూ రాతిగోడ కూలినా ఈ భవనం ఎందుకు పడలేదన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. 1960లో కట్టినప్పుడు బరువును గోడల మీద వెయ్యలేదు. నేలలోకి లోతుగా దించిన సొంత కాంక్రీటు స్తంభాల మీద నిలబెట్టారు. చూడ్డానికి రాతి గోడ మీద కూర్చున్నట్టుంటుంది గానీ గోడ ఉత్త చొక్కా. బాపు ఇక్కడ గట్టిగా నవ్వాడు. పై అంతస్తు నుంచి ఊరంతా కనబడుతుంది, మబ్బు లేకపోతే తూర్పున అసో కొండలు కూడా. జనం ఎక్కువ, నిలబడేది తక్కువ. ఐదు నిమిషాల్లో దిగొచ్చాం.

ఉత్తరం వైపు బయటికి వస్తే కతో మందిరం. కియోమసానే అక్కడ దేవుడు. టికెట్ లేదు. అక్కడి నుంచి తెన్షు దగ్గరగా కనబడుతుంది. పక్కనే ఉతో యగురా షెడ్డు, దాని కింద 20 మీటర్ల రాతిగోడ. కోటలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది ఆ గోడనే. పైన బురుజు తిరిగి లేచాక ఇంకోసారి రావాలని ప్రతిసారీ అనుకుంటాను.

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కుమమోతోలో గొప్పగా పెట్టేది గుర్రం మాంసం, అదీ పచ్చిగా. బాపు బోర్డు మీద గుర్రం బొమ్మ చూసి అర్థం చేసుకుని, ఆ కొట్టు దాటేదాకా మాట్లాడలేదు. కూరగాయలు తినేవాళ్లకు జొసైఎన్‌లో రెండు వస్తువులు దొరుకుతాయి. ఒకటి ఇకినారి దంగో, చిలగడదుంప ముక్కా ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్దా పిండిలో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడివేడిగా తినాలి. రెండోది కరషి రెంకొన్. తామర దుంప రంధ్రాల్లో ఆవాలు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపి నింపి, పసుపుపచ్చటి పిండిలో ముంచి వేయించి చక్రాలుగా కోస్తారు. నీరసంగా ఉండే హొసొకవా ప్రభువు కోసం మొదట చేశారనీ, కోసిన ముక్క వాళ్ల వంశ చిహ్నంలా కనబడుతుంది కాబట్టి మామూలు జనానికి చాలాకాలం చెయ్యనివ్వలేదనీ ఒక కథ. ఆవఘాటు ముక్కులోకి ఎక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. జపాన్ వచ్చిన తరవాత బాపు రెండోసారి అడిగి పెట్టించుకున్న పదార్థం ఇదొక్కటే. అయితే మిసోలోనో పిండిలోనో చేపల రసం కలిపే కొట్లు ఉంటాయి, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాలి.

వెళ్లేవాళ్లకు ఒకటి రెండు మాటలు. పొద్దున్నే దక్షిణపు ద్వారం నుంచి లోపలికి పోయి ఉత్తరం వైపు బయటికి రండి, ఎక్కుడు తక్కువ, గోడలు ముందు కనబడతాయి. జూలై ఆగస్టుల్లో ఆ వంతెన దారి మీద నీడ ఉండదు, పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. పని రోజుల్లో వెళ్తే క్రేన్లు, మేస్త్రీలు కనబడే అవకాశం ఎక్కువ, ఆదివారం అదంతా ఆగిపోతుంది. ట్రామ్ ఎక్కే ముందు ఎదురుగా ఉన్న నగర కార్యాలయంలో లిఫ్టెక్కి 14వ అంతస్తుకు పొండి, ఉచితం. తెన్షు పైనుంచి తెన్షు కనబడదు, ఇక్కడి నుంచి కోటంతా పటంలా పరుచుకుని కనబడుతుంది. ఏ గోడ అయ్యింది, ఏది నీలం పట్టాల కింద ఉంది అన్నది లెక్కపెట్టుకోవచ్చు.

డబ్బు సంగతి ఒకటి మిగిలింది. 10,000 యెన్లు ఇచ్చినవాళ్లను కోట ప్రభువులుగా నమోదు చేసుకునే పద్ధతి ఇక్కడ 1998 నుంచే ఉంది. భూకంపం తరవాత 2016 నవంబరులో దాన్ని పునరుద్ధరణ ప్రభువు అని మళ్లీ మొదలుపెట్టారు. పేరు రాసిన పత్రం ఇస్తారు, తెర మీద మన పేరు కూడా వెతుక్కోవచ్చు. కౌంటర్ దగ్గర బాపు ఆగి, మన డబ్బుల్లో ఎంతని అడిగాడు. ఐదారు వేలవుతుందన్నాను. లెక్కేసుకుని, "గులకకు అయితది పో," అని జేబులోంచి పర్సు తీశాడు. పత్రం మీద ఎవరి పేరు రాయమంటారని అడిగితే అమ్మ పేరు చెప్పాడు. జపాన్ అక్షరాల్లో దాన్ని ఎట్లా రాయాలో కౌంటర్లో అమ్మాయీ నేనూ కలిసి తేల్చేసరికి పావుగంట పట్టింది.